విదేశీ పర్యాటకులు 95 లక్షలా, 1.89 కోట్లా?

చెన్నైలో ట్రావెల్స్ పెట్టాలనుకుంటున్నానని, 2023లో మన దేశానికి వచ్చిన పర్యాటకుల సంఖ్య ఒకచోట 95 లక్షలు, మరోచోట 1.89 కోట్లు అని ఉందని, దేన్ని నమ్మాలని అడిగారు. రెండూ నిజమే.

మొదటిది విదేశీ పాస్‌పోర్టుతో దిగినవారి లెక్క. దానికి ప్రవాస భారతీయుల రాకలు, అంటే మరో 94 లక్షలు కలిపితే రెండోది వస్తుంది. పోయిన సంక్రాంతికి నా వ్యానులో ఒక జంటను తిరుపతి తీసుకెళ్లాను. భర్త అమెరికా పౌరుడు, ఆవిడది ఇంకా మన పాస్‌పోర్టే. పద్దులో ఆయన విదేశీ పర్యాటకుడు, ఆవిడ కాదు. తిరుగు దారిలో కాళహస్తి దర్శనం కూడా చేయించమని ఇద్దరూ ఒకే గొంతుతో అడిగారు.

నేను దెబ్బతిన్నది వేరే లెక్కతో. విదేశీయుల సందర్శనల్లో తమిళనాడు దేశంలోనే ముందుందని చదివి, ఆ ధీమాతో రెండో వ్యాను కొన్నాను. మాంబళంలో మా వీధి చివర వేపచెట్టు కింద అది నెలల తరబడి రాలిన ఆకులు కప్పుకుని నిలబడింది. తర్వాత కూర్చుని చూస్తే తిరకాసు తెలిసింది. 2019లో దేశంలోకి వచ్చిన విదేశీ పర్యాటకులు 1.09 కోట్లు. అదే ఏడాది రాష్ట్రాలన్నీ చెప్పిన సందర్శనలు కలిపితే 3.14 కోట్లు! ఇమ్మిగ్రేషన్ వారు ఒక రాకను ఒక్కసారే లెక్కపెడతారు. రాష్ట్రాల లెక్క బస చేసిన చోట పుడుతుంది. ఢిల్లీ, ఆగ్రా, చెన్నై తిరిగిన మనిషి ప్రతి రాష్ట్రానికీ కొత్త అతిథే.

2021-22లో మహాబలిపురం తాజ్‌మహల్‌ను దాటేసిందని కూడా మావాళ్లు మురిసిపోయారు. విదేశీయులు ఇక్కడ 1,44,984 మంది, అక్కడ 38,922 మంది. అంకెలు సరైనవే. కానీ పర్యాటక వీసాలు చాలాకాలం ఆగిపోయిన ఏడాది అది. దాన్ని చూసి ఎవరూ బండి కొనకూడదు.

ఇక ప్రపంచం మొత్తం మీద పర్యాటకుల రాకల లెక్కలు మాడ్రిడ్‌లోని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థవి. యూఎన్ టూరిజం అని 2024లో పేరు మార్చుకుంది. అది దేశాలు పంపే అంకెలనే కూడుతుంది. 2019లో 146 కోట్లు, 2020లో దాదాపు 40 కోట్లు, 2024లో సుమారు 140 కోట్లు. ఇవి మనుషులు కాదు, రాకలు. కనీసం ఒక రాత్రి ఉండాలి. ప్రపంచ ప్రయాణ, పర్యాటక మండలి వ్యాపార సంస్థల కూటమి. అది చూసేది డబ్బు, ఉద్యోగాలు. మీ బేరానికి దానితో పనిలేదు.

మీకు పనికొచ్చేది పర్యాటక మంత్రిత్వ శాఖ దేశాలవారీ, నెలలవారీ పట్టిక. 2023లో అందరికంటే ఎక్కువగా వచ్చింది బంగ్లాదేశ్ నుంచి. చెన్నైకి వచ్చే బంగ్లాదేశీయుల్లో చాలామంది రోగులు, వారి బంధువులు. వారికి మహాబలిపురం రథాల గుడులు అక్కరలేదు, ఆసుపత్రులున్న గ్రీమ్స్ రోడ్డు దగ్గర గది, ఆసుపత్రికి బండి కావాలి. ఇంకో మాట: విదేశీయుడు దిగిన 24 గంటల్లో ప్రతి లాడ్జీ అతని వివరాల ఫారం (పాత పేరు సి-ఫారం) ప్రభుత్వానికి పంపాలి. మీ వీధిలోని మేనేజరుకు కాఫీ ఇప్పించి, వారానికి ఎన్ని నింపుతున్నారో కనుక్కోండి.

నా రెండో వ్యాను ఇప్పుడు ఖాళీగా లేదు. పొద్దున ఆసుపత్రి, శనివారం తిరుపతి.