బక్కచిక్కిన పేసరా?

సందేహం: క్రికెట్ వ్యాఖ్యాతలు ఇషాంత్ శర్మ లాంటి బౌలర్లను ‘లాంకీ’ అంటారు. ఒక వార్తలో దాన్ని ‘బక్కచిక్కిన పేసర్’ అని రాశారు. సరైనదేనా? ‘ఆజానుబాహుడు’ అనవచ్చా?

సమాధానం: రెండూ కుదరవు. బక్కచిక్కడమంటే ఒకప్పుడు బాగున్న మనిషి జబ్బు వల్లో, తిండి లేకో, దిగులుతోనో చిక్కిపోవడం. అలాంటివాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లాలి గానీ, చేతికి కొత్త బంతి ఇవ్వకూడదు. ఇంగ్లిషులో ఆ స్థితికి ‘గాంట్’ అనే మాట వేరే ఉంది. లాంకీకి అనారోగ్యంతో పనిలేదు, ఆ మనిషి ఒళ్లు తీరే అంత.

లాంకీ అనాలంటే మనిషి సన్నగా ఉంటే చాలదు, పొడుగు కూడా ఉండాలి. పొట్టిగా, పీలగా ఉన్నవాణ్ని ఎవరూ లాంకీ అనరు. ముఖ్యంగా కాళ్లూ చేతులూ ఒంటికి మించి సాగినట్టు కనిపించాలి. నడకలో కాస్త పొందిక తప్పినట్టుండటం కూడా ఈ మాటలోనే ఉంది. పదిహేనేళ్ల వయసులో ఒక్కసారిగా పొడుగు సాగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగే కుర్రాళ్లకు అతికినట్టు సరిపోతుంది. ఆరడుగుల నాలుగంగుళాల అబ్రహం లింకన్‌నూ తరచూ ఇలాగే వర్ణిస్తారు. తిట్టు కాదు గానీ, మెచ్చుకోలూ కాదు. మెచ్చుకోవాలంటే స్లెండర్ అంటారు. కొవ్వు లేని గట్టి ఒళ్లయితే లీన్.

‘ఆజానుబాహుడు’ తట్టడానికి కారణం ఉంది. అందులోనూ చేతుల పొడుగే కదా ప్రధానం! కానీ వాల్మీకి రాముణ్ని ఆ మాటతో వర్ణించింది మహాపురుష లక్షణంగా. సన్నదనం అందులో లేదు. పొందిక తప్పిన నడక అసలే లేదు.

మరి తెలుగులో ఏమనాలి? వార్తకైతే ‘సన్నగా, పొడుగ్గా ఉండే పేసర్’ అంటే సరిపోతుంది. ఒక మాటకు ఒక మాటే రావాలన్న పట్టుదల నాకు లేదు. కథలోనో, కబుర్లలోనో అయితే ‘గెడకర్రలా ఉన్నాడు’ అనవచ్చు. పొడుగూ, సన్నదనమూ, కాస్త ఎగతాళీ మూడూ వస్తాయి. ‘రివటలా’ అన్నామంటే సన్నదనం వస్తుంది, పొడుగు రాదు. ‘తాడిచెట్టులా పెరిగాడు’ అన్నప్పుడు పొడుగే గుర్తొస్తుంది, పైగా ఆ వెనకే ‘బుద్ధి మాత్రం పెరగలేదు’ అన్న చీవాట్లు కూడా వచ్చేస్తాయి!

లాంకీకి మూలమైన ‘లాంక్’ పాత ఇంగ్లిషు నుంచీ ఉంది. వంకీలు లేకుండా జీవం లేనట్టు వేలాడే జుట్టుకు ఇప్పటికీ లాంక్ అనే వాడతారు.

క్రికెట్ చదువుతారు కాబట్టి ఇంకో మాట. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ కౌంటీ వాళ్ల యాసను కూడా ముద్దుగా ‘లాంకీ’ అంటారు. ఆ కౌంటీ ఆటగాడు లాంకీ మాట్లాడతాడని ఎక్కడైనా కనిపిస్తే అది అతని యాస సంగతి, ఒంటి సంగతి కాదు.