రక్షణ ఒక్కరిదా, ఇంటిల్లిపాదిదా?

మీ ప్రశ్న చదవగానే మా నాయన గుర్తొచ్చాడు. తిరిగి జన్మించిన రోజు, అంటే మారుమనసు పొంది యేసును సొంతంగా నమ్ముకున్న రోజు, చెప్పలేనివాళ్లు రక్షణ (పాపం నుంచి విడుదల) పొందనట్టేనని మీ పాస్టరుగారు అంటున్నారనీ, మీ మామగారేమో "నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు" అన్న బైబిలు వాక్యం చూపించి మన ఇల్లంతా రక్షణలోనే ఉందంటున్నారనీ రాశారు. తాతల కాలంలో గుంపుగా సంఘంలో కలిసినవాళ్లది అసలు రక్షణేనా అని కూడా అడిగారు. నేను ఈ రెండు మాటలూ నమ్మి చూసినదాన్ని, అందుకే రాస్తున్నాను.

మాది మద్దిపాడు వైపు పల్లె. మా ముత్తాత గుండ్లకమ్మలో నీళ్లలోకి దిగినవాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో గింజల కోసం కలిశారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కానీ అంతకుముందు 1876 నుంచి కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. అప్పుడు బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా, కూలి కోసం కలుస్తున్నారేమోనని సుమారు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కూలి పని అయిపోయాక కూడా వచ్చినవాళ్లకే ఇచ్చారు.

ఇంకో సంగతి నాకు చాలా పెద్దదిగా కనపడుతుంది. ఆ రోజు అంతమందినీ కలిపి నీళ్లు చల్లి పంపలేదు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ, పేరు పిలిచి, ఒక్కొక్కరినీ విడివిడిగా ముంచారు. గుంపుగా నడిచొచ్చారు, ఒక్కొక్కరే మునిగారు.

గుంపుగా ఎందుకొచ్చారంటారా? చాలామంది మాదిగలు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అని కలిసేవాళ్లకు నియమాలు పెట్టారు. ఊరి జాతరలో డప్పు కొట్టడం, రైతులకు తోలుపని చెయ్యడం మాదిగపల్లె మొత్తం మీద ఉన్న వెట్టి. ఒక్కడు "నేను డప్పు కొట్టను" అంటే ఊరూ ఊరుకోదు, పల్లె కూడా వాణ్ణి వదిలేస్తుంది. నలభై ఇళ్లు ఒక్కమాట మీద నిలబడితేనే ఆ మాట నిలిచేది. ఇది విశ్వాసం తక్కువై చేసిన పని కాదు. ఆ బతుకులో విశ్వాసం కాళ్లూనుకునే దారి అదొక్కటే. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకు మనసు కష్టమవుతుంది.

ఇది తెలియని రోజుల్లో నేనూ తక్కువ చేసి మాట్లాడాను. పంతొమ్మిదేళ్లప్పుడు యువజన కూటాలకు వెళ్లి, మోకాళ్ల మీద ఏడ్చి, మారుమనసు పొంది ఇంటికొచ్చాను. ఆ అనుభవం నిజమైనదే, ఇప్పటికీ దాన్ని కాదనను. కానీ రాగానే మా నాయన్ను నిలబెట్టి "నీకు రక్షణ తేదీ గుర్తుందా?" అని అడిగాను. "తేదీ ఏం తెలుసమ్మా, మా అమ్మ చంకనెక్కిన కాడినించీ ఆయనే" అన్నాడు. "అయితే నువ్వింకా రక్షణ పొందలేదు నాయనా" అన్నాను. ఆయనేమీ అనలేదు. ఆ ఆదివారం ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) చెయ్యి వెయ్యకుండా వెనక బెంచీలో కూర్చున్నాడు.

తర్వాత పదేళ్లకు నాకు కడుపులోనే బిడ్డ పోయింది. ఎనిమిది నెలలు నా నోట ప్రార్థన రాలేదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనపడేవి, అంతే. మా స్త్రీల సమాజం వాళ్లు ప్రతి గురువారం వచ్చి చాప పరుచుకుని కూర్చుని ప్రార్థన చేసేవాళ్లు. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఒకరోజు పెద్దావిడ ఒకామె మార్కు రెండో అధ్యాయం చదివింది. పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించుతారు కదా, అక్కడ "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంటుంది. ఎన్నోసార్లు విన్న భాగమే. "వారి" అన్న మాట ఆ రోజే వినపడింది. నా రక్షణ నా సొంతం అన్నదాన్ని, మంచం నలుగురు మోస్తే ఆయన దగ్గరికి చేరాను.

అంతమాత్రాన మీ మామగారి మాట పూర్తిగా ఒప్పుకోలేను. అపొస్తలుల కార్యములు 16లో ఆ వాక్యం దగ్గరే ఆగకుండా తర్వాతివి కూడా చదవండి. పౌలు, సీలలు చెరసాల నాయకుడి ఇంట్లో అందరికీ వాక్యం బోధించారు, ఇంటివాళ్లందరితో కలిసి అతను విశ్వసించాడు. అతను నమ్మాడు కాబట్టి వాళ్ల లెక్క కూడా తీరిపోయిందని అక్కడ లేదు. మా తమ్ముడు ఇరవయ్యేళ్లుగా గుడిగడప తొక్కలేదు. మా అమ్మ వాడికోసం రోజూ ప్రార్థిస్తుంది, కానీ వాడి బదులు ఆమె విశ్వసించలేదు.

గలతీ పత్రిక ఆరో అధ్యాయంలో మన తెలుగు బైబిలు ఈ తేడాను చక్కగా పట్టుకుంది. రెండో వచనంలో "ఒకని భారముల నొకడు భరించి" అంటుంది, ఐదో వచనంలో "ప్రతివాడును తన బరువు తానే" అంటుంది. ఒకటి నలుగురూ పట్టుకోగల భారం. రెండోది దేవుని ముందు నిలబడి చెప్పుకోవాల్సిన ఎవరి లెక్క వాళ్లది. మీ పాస్టరుగారు రెండోది పట్టుకున్నారు, మీ మామగారు మొదటిది. పరలోక ప్రార్థనలో కూడా గదిలో ఒంటరిగా ఉండి "మా తండ్రీ" అనే అంటాం, "నా తండ్రీ" అనం.

మీరు మాత్రం మీ మామగారిని తేదీ అడగకండి. మీ ఇంట్లో మొదట విశ్వసించింది ఎవరు, ఎలా విశ్వసించారు, దానికోసం ఏమేం పోగొట్టుకున్నారు అని అడగండి. దగ్గర కూర్చుని వినండి. అందులో ఆయన సొంత విశ్వాసం ఎక్కడ మొదలైందో మీకే వినపడుతుంది. మా నాయన్ను నేనట్లా అడగలేదు. నా బిడ్డ పోయిన ఆ ఎనిమిది నెలల్లో ప్రతి గురువారం స్త్రీల సమాజం వాళ్లకు చాప పరిచింది ఆయనే.