ఆంగ్లికన్ చాంట్‌లో కీర్తన మాటలు సరిపోకపోవడం గురించి

వందనములు. ఇంగ్లండులోని మీ పారిష్ గాయక బృందంతో ఈవెన్‌సాంగ్‌లో (సాయంకాల ఆరాధనలో) దావీదు కీర్తనలను ఆంగ్లికన్ చాంట్‌లో, అంటే కీర్తన వచనాలను ఒక చిన్న రాగానికి అమర్చి పాడే ఆంగ్లికన్ సంఘ పద్ధతిలో, పాడేటప్పుడు మొదటి స్వరాన్ని ఎంతసేపు పట్టాలో తెలియక వెనుకబడుతున్నానని రాశారు.

మన తెలుగు క్రైస్తవ కీర్తనలకు పుస్తకంలోనే రాగంతోపాటు తాళం ముద్రించి ఉంటుంది కాబట్టి, మీరు ఇక్కడా తాళం కోసం వెదుకుతున్నారనుకుంటాను. చాంట్‌లో ఆ తాళం ఉండదు. మొదటి స్వరానికి నిర్ణీత నిడివి లేదు. వచనంలో మొదటి నిలువు గీత వచ్చేవరకు ఉన్న మాటలన్నిటినీ, అవి రెండైనా పన్నెండైనా, మామూలుగా చదివే వేగంతోనే ఆ స్వరం మీద పలకాలి. ఆ తరువాత వచనంలోని ప్రతి గీత స్వరలిపిలోని గీతకు సరిపోతుంది. సింగిల్ చాంట్‌లో 10 స్వరాలు ఒక వచనానికి, డబుల్ చాంట్‌లో 20 స్వరాలు రెండు వచనాలకు సరిపోతాయి. డబుల్ చాంట్‌లో పాడే కీర్తనకు వచనాల సంఖ్య బేసి అయితే ఒకచోట ఆ చాంట్ రెండవ సగాన్నే మళ్లీ పాడతారు, ఆ చోటును ముందే గుర్తుపెట్టుకోండి.

ఇంటి దగ్గర మొదట రాగం లేకుండా, వచనం మధ్యనున్న విరామ చిహ్నం దగ్గర ఊపిరి తీసుకుంటూ, అర్థం తెలిసేలా బిగ్గరగా చదవండి. అన్నిటికన్నా ముఖ్యమైన సాధన ఇదేనని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే చాంట్‌లో స్వరం వాక్యాన్ని మోయడానికే ఉంది. గీతల గుర్తులు ఒక్కో ముద్రణలో ఒక్కో విధంగా ఉంటాయి కనుక, మీ బృందం వాడే ప్రతినే అడిగి తీసుకోండి.