పెళ్లిలోపు అరచేతుల చెమటకు ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. ఏడో తరగతి నుంచి నా అరచేతులు, అరికాళ్లు చెమటతో తడిసిపోతుంటాయి. పరీక్షల్లో చేతి కింద రుమాలు మడిచి పెట్టుకుని రాసేదాన్ని. ఇప్పుడు ఆఫీసులో వేలిముద్ర యంత్రం నా వేలిని ఒక పట్టాన తీసుకోదు. డిసెంబరులో అరకు వెళ్లి అందరూ చలికి వణుకుతుంటే అప్పుడూ నావి తడి చేతులే. నాన్నగారికీ కొంత ఇలాగే ఉంటుంది. శ్రావణంలో నిశ్చితార్థం, మాఘంలో పెళ్లి అనుకుంటున్నారు. పాణిగ్రహణం మాట తలచుకుంటేనే చేతులు కారిపోతున్నాయి. అబ్బాయి వాళ్లకు ఈ సంగతి చెప్పవద్దని అమ్మ అంటోంది. ఈలోగా ఆపరేషన్ చేయించేస్తే పీడ వదిలిపోతుందని పిన్ని పట్టుబడుతోంది. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: చిన్న వయసులో మొదలుకావడం, రెండు చేతులకూ ఒకేలా ఉండటం, చలికాలంలోనూ తగ్గకపోవడం, తండ్రిగారికీ ఉండటం చూస్తే ఇది వైద్యులు ప్రైమరీ హైపర్‌హైడ్రోసిస్ (వేరే జబ్బేదీ కారణం కాకుండా వచ్చే అతి చెమట) అని పిలిచే పరిస్థితిలాగే ఉంది. నిద్రలో చేతులు పొడిగా ఉంటున్నాయా అని ఇంట్లో ఎవరినైనా చూడమనండి. ఈ రకం చెమట సాధారణంగా నిద్రపోయాక ఆగిపోతుంది. అలా కాకుండా రాత్రిపూట ఒళ్లంతా చెమటలు పట్టి జ్వరం రావడం, బరువు తగ్గడం, గుండె దడ వంటివి ఉంటే మాత్రం క్షయ, థైరాయిడ్ వంటి వేరే కారణాలు వెతకాలి.

మీ స్వేద గ్రంథుల్లో లోపమేమీ లేదు. వాటికి ఆదేశాలిచ్చే సింపథెటిక్ నరాలు అవసరానికి మించి ఆదేశాలిస్తున్నాయి, అంతే. పైగా అరచేతుల చెమట ఎండవేడి కంటే మనసులోని అలజడికే ఎక్కువగా స్పందిస్తుంది. అందుకే అరకు చలి దాన్ని ఆపలేదు, పెళ్లి మాట దాన్ని పెంచింది. ఒళ్లు వేడి చేసిందని ఇంట్లో ఇచ్చే సబ్జా నీళ్లు, మజ్జిగ తాగితే నష్టం లేదు, కానీ అరచేతుల చెమట వాటితో తగ్గదు. భయపడటం వల్లే ఇది వచ్చిందని ఎవరైనా అంటే అదీ నిజం కాదు. జబ్బు ముందునుంచీ ఉంది, భయం దానికి తోడవుతోంది.

ఆపరేషన్ విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: ముహూర్తం దగ్గర పడుతోందన్న కారణంతో దాని జోలికి వెళ్లకండి. పూర్తి మత్తు ఇచ్చి, ఛాతీ పక్కన చిన్న రంధ్రాల గుండా లోపలికి వెళ్లి, వెన్నెముక పక్కనుండే సింపథెటిక్ నరాన్ని కత్తిరించడమో, క్లిప్పు వేసి నొక్కేయడమో చేస్తారు. అరచేతులు వెంటనే పొడిబారతాయన్నది నిజమే, మీ పిన్నిగారు విన్నదీ ఆ సగమే. మిగిలిన సగం ఏమిటంటే, ఆపరేషన్ చేయించుకున్నవారిలో చాలామందికి వీపు, పొట్ట, తొడల మీద కొత్తగా చెమట పెరుగుతుంది. కొందరికి అది మొదటి సమస్యను మించిపోతుంది, ఒకసారి కత్తిరించిన నరాన్ని మళ్లీ మామూలుగా చేయడం సాధ్యం కాదు. పొడి ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధించే మన విశాఖలో, మే నెల మధ్యాహ్నం వీపంతా తడిసిన చీరతో సిటీ బస్సులో నిలబడే పరిస్థితిని తడి అరచేతులకు బదులుగా కొనితెచ్చుకోవడం తెలివైన బేరం కాదు. మిగతా మార్గాలన్నీ విఫలమయ్యాక, ఈ ప్రమాదం తెలిసీ ఒప్పుకున్నవారికి మాత్రమే ఆ ఆపరేషన్.

మీరు ఇంకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోని చర్మవ్యాధుల విభాగం ఓపీకి గానీ, మీకు దగ్గరలోని చర్మవైద్యుల వద్దకు గానీ వెళ్లండి. మామూలుగా ముందు రాసేది 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం. ఇది పనిచేయలేదని వదిలేసేవారిలో చాలామంది రాసుకునే పద్ధతిలోనే పొరబడతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రాత్రి పనులన్నీ ముగిశాక చేతులు కడిగి, తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చి, పడుకునే ముందు పలచగా రాసుకుని, ఉదయం లేవగానే కడిగేయాలి. తడి చర్మం మీద రాస్తే ఆ మందు నీటితో కలిసి ఆమ్లంగా మారి మంట పుట్టిస్తుంది. రాత్రి చెమట తగ్గి ఉంటుంది కాబట్టే మందు గ్రంథి మూతిలో గడ్డకట్టి దాన్ని మూయగలుగుతుంది. మొదట్లో రోజూ రాసి, ఫలితం కనిపించాక వారానికి ఒకటి రెండు రాత్రులకు తగ్గించవచ్చు. అమ్మమ్మలు వాడిన పటికలోనూ అల్యూమినియమే ఉంటుంది గానీ, పటిక నీళ్లతో చేతులు కడుక్కోవడం ఈ మందుకు సాటి కాదు.

అరచేతి చర్మం మందం కాబట్టి చంకల్లో పనిచేసినంత బాగా ఈ ద్రావణం చేతుల్లో పనిచేయకపోవచ్చు. అప్పుడు అయాంటోఫొరెసిస్ అడగండి. మామూలు కుళాయి నీళ్లు పోసిన పళ్లేల్లో చేతులుంచి స్వల్ప విద్యుత్తును 20 నుంచి 30 నిమిషాలు పంపుతారు, చిన్నగా చిమచిమలాడుతుంది. మొదట వారానికి మూడుసార్లు చొప్పున కొన్ని వారాలు, తర్వాత వారానికోసారి చేస్తే చాలు. అరికాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. మీకు మాఘం వరకు వ్యవధి ఉంది కాబట్టి నా మటుకు దీని మీదే ఎక్కువ ఆశ పెట్టుకుంటాను. బొటాక్స్ ఇంజెక్షన్లు కొన్ని నెలలపాటు చెమటను ఆపుతాయి, కానీ అరచేతిలో అన్ని సూదులంటే నొప్పి, ఖర్చు రెండూ ఎక్కువే, కొంతకాలం పట్టు సడలవచ్చు కూడా. గ్లైకోపైరోలేట్, ఆక్సిబ్యుటినిన్ మాత్రలు ఒళ్లంతా చెమటను తగ్గిస్తాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం వంటి ఇబ్బందులతోపాటు, చెమట పట్టకపోతే శరీరం చల్లబడదు కాబట్టి మన వేసవిలో వడదెబ్బ భయం కూడా ఉంటుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు కావవి.

కాళ్లకు నూలు సాక్సులతో బూట్లయినా, గాలాడే తోలు చెప్పులైనా వాడండి, ప్లాస్టిక్‌వి మానేయండి. ఆఫీసులో వేలిముద్రకు బదులు కార్డు ద్వారా హాజరు వేసే వీలు కల్పించమని వైద్యుల చీటీ జతచేసి అడగండి.

ఇక అమ్మగారి మాట. ఆవిడ భయం నాకు అర్థమవుతోంది. సంబంధం చేజారుతుందేమోనని ఏ తల్లికైనా ఉంటుంది. అయినా మీరు అబ్బాయికి నిశ్చితార్థానికి ముందే చెప్పాలి. దాచాలని చూస్తే మాఘం వరకు ప్రతి కలయికా మీకు ఒక పరీక్షవుతుంది, చేతులు ఇంకా తడుస్తాయి, పాణిగ్రహణం నాటికి ఎలాగూ తెలిసిపోతుంది. పెద్దలందరినీ కూర్చోబెట్టి చెప్పాల్సినంత సంగతి కాదిది. మీరే ఫోనులోనో, కలిసినప్పుడో నేరం ఒప్పుకుంటున్న గొంతుతో కాకుండా, "నాకు చిన్నప్పటి నుంచి అరచేతుల్లో చెమట ఎక్కువ, అంటువ్యాధి కాదు, చికిత్స తీసుకుంటున్నాను, పిల్లలకు రావచ్చు, రాకపోనూవచ్చు" అని చెబితే చాలు. ఈ కాస్త మాటకే వెనకడుగు వేసే అబ్బాయి అయితే ఆ సంగతి శ్రావణానికి ముందే తెలియడం మీకే మేలు. అమ్మగారికి నచ్చజెప్పడానికి నాన్నగారి సాయం తీసుకోండి. ఆయన చేతులు పట్టుకునే కదా ఆవిడ ఇన్నేళ్ల సంసారం చేసింది!

వైద్యుల దగ్గరకు వెళ్లినప్పుడు మాఘంలో పెళ్లి అన్న సంగతి, తర్వాత త్వరలోనే పిల్లలు కావాలనుకుంటే ఆ సంగతి కూడా తప్పక చెప్పండి. గర్భం వచ్చాక కరెంటు చికిత్స ఆపేస్తారు, మాత్రల గురించి మళ్లీ ఆలోచిస్తారు. అందుకు తగ్గట్టు ఏది ముందు, ఏది తర్వాత అన్నది వారు ఇప్పుడే నిర్ణయించగలుగుతారు.