సి ప్లస్ ప్లస్‌లో ఒక పేరు, జావాలో ఇంకో పేరు: ఇంటర్వ్యూలో ఏది చెప్పాలి?

కాలేజీలో సి ప్లస్ ప్లస్, కోచింగ్‌లో జావా, ప్రాజెక్టుకి పైథాన్ నేర్చుకున్నానని, ఓఓపీలో (క్లాసులు, ఆబ్జెక్టులతో ప్రోగ్రామ్ రాసే పద్ధతి) ఒకే సంగతికి ఒక్కోదాంట్లో ఒక్కో పేరు ఉండేసరికి ఇంటర్వ్యూ అంటే భయంగా ఉందని మీరు రాశారు. నేను భీమవరంలో ఇంజినీరింగ్ పిల్లలకు సాయంత్రం పూట ప్రోగ్రామింగ్ చెబుతాను. పాలకొల్లు, నరసాపురం నుంచి వచ్చేవాళ్లదీ ఇదే టెన్షన్.

పేరు మాత్రమే మారితే కంగారు అక్కర్లేదండి. క్లాసులో ఉండే ఫంక్షన్‌ని సి ప్లస్ ప్లస్‌లో మెంబర్ ఫంక్షన్ అంటే, జావాలో మెథడ్ అంటారు. ఒక క్లాసు నుంచి ఇంకోటి పుట్టిస్తే, జావాలో మొదటిది సూపర్‌క్లాస్, రెండోది సబ్‌క్లాస్. సి ప్లస్ ప్లస్‌లో బేస్, డిరైవ్డ్. సూపర్ ఏదో సబ్ ఏదో జనం తికమకపడుతున్నారనే సి ప్లస్ ప్లస్ తయారుచేసిన స్ట్రాస్ట్రప్ బేస్, డిరైవ్డ్ అనే మాటలు ఎంచుకున్నారు. ఇవి ఒక పూటలో వచ్చేస్తాయి.

అసలు చిక్కంతా పేరు ఒకటే ఉండి పని వేరైనచోట. క్లాసులో ఉన్నదాన్ని ఎవరు వాడొచ్చో చెప్పే ప్రొటెక్టెడ్ అనే కీవర్డ్ చూడండి. సి ప్లస్ ప్లస్‌లో ఆ క్లాసుకీ, దాన్నుంచి వచ్చిన క్లాసులకీ, ఫ్రెండ్ అని చెప్పినవాటికీ మాత్రమే అందుతుంది. జావాలో అదే ప్యాకేజీలో (ఒకచోట పెట్టిన క్లాసుల గుంపు) ఉన్న సంబంధం లేని క్లాసు కూడా వాడేసుకోవచ్చు. ట్రెయిట్ కూడా అంతే: పీహెచ్‌పీలో అది మెథడ్లను క్లాసులోకి తెచ్చిపెట్టే పద్ధతి, రస్ట్‌లో దాదాపు ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే జాబితా) లాంటిది.

మా బ్యాచుల్లో ఎక్కువమంది తడబడేది సి ప్లస్ ప్లస్‌లోని వర్చువల్ అనే కీవర్డ్ దగ్గర. జావాలో మామూలు మెథడ్‌ని సబ్‌క్లాస్‌లో మళ్లీ రాస్తే, ఆబ్జెక్ట్ ఏ క్లాసుదైతే ఆ క్లాసు మెథడే నడుస్తుంది. ఆ అలవాటుతో సి ప్లస్ ప్లస్‌లో వర్చువల్ అని రాయకుండా వదిలేస్తారు. డిరైవ్డ్ ఆబ్జెక్ట్ ఫంక్షన్‌ని బేస్ పాయింటర్‌తో (బేస్ క్లాసు రకం అడ్రస్‌తో) పిలిస్తే బేస్ ఫంక్షనే నడుస్తుంది, ఎర్రర్ కూడా రాదు. బట్టీ పట్టిన నిర్వచనాలేవీ అక్కడ పనికిరావు. ఏ ఫంక్షన్ నడవాలో కంపైల్ చేసేటప్పుడే తేలిందా, రన్ అయ్యేటప్పుడా అని అడగడం అలవాటు చేసుకుంటే సగం ఓఓపీ వచ్చినట్టే.

పైథాన్‌లో ప్రైవేట్ అనే కీవర్డే లేదు. పేరు ముందు ఒక అండర్‌స్కోర్ పెడితే బయటివాళ్లు ముట్టుకోవద్దని అర్థం, అంతే. రెండు పెడితే లోపల పేరు మారుతుంది గానీ తాళం పడదు.

ఇంటర్వ్యూలో "జావాలో అయితే" అని భాష పేరు చెప్పి జవాబు మొదలుపెట్టండి. వెళ్లేలోపు రెండు క్లాసుల చిన్న ప్రోగ్రామ్‌ని మూడు భాషల్లోనూ మీ చేత్తో రాసి నడిపి చూడండి. సి ప్లస్ ప్లస్ దాంట్లో వర్చువల్ తీసేసి మళ్లీ ఒకసారి నడపండి.