సభలో మన చరిత్ర చెప్పేటప్పుడు

చిరంజీవి లలితకు,

మహాసభలో నర్సుల సంఘాల చరిత్ర మీద పావుగంట మాట్లాడమన్నారని, టెన్షన్‌గా ఉందని రాశావు. ముందుగా ఒక మాట. దీపం పట్టుకున్న ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో మొదలుపెట్టకు. ఆ బొమ్మ అందరికీ తెలిసిందే. తగువుతో మొదలుపెట్టు, సభ చెవులు రిక్కిస్తుంది.

1887లో లండన్‌లో ఎథెల్ బెడ్‌ఫోర్డ్ ఫెన్విక్ అనే నర్సు బ్రిటిష్ నర్సుల సంఘం పెట్టింది. శిక్షణ పొందినవాళ్ల పేర్లు ఒక రిజిస్టర్‌లో ఉండాలని, లేకపోతే ఎవరు పడితే వాళ్లు నర్సునని చెప్పుకుంటారని ఆవిడ వాదన. నైటింగేల్ ఒప్పుకోలేదు. ఓర్పు, మంచి నడవడి పరీక్ష పెట్టి తేల్చేవి కావంది. ఇక్కడ తొందరపడకు, ఇద్దరి వైపూ చెప్పు. నా ఓటు ఫెన్విక్‌కే. అయినా నైటింగేల్ లేవనెత్తిన సందేహం వార్డులో పనిచేసిన ఎవరికైనా తగులుతుంది. న్యూజీలాండ్ 1901లోనే రిజిస్ట్రేషన్ చట్టం చేసేసింది. బ్రిటన్‌కి మాత్రం 1919 దాకా పట్టింది.

సమావేశాల దగ్గరికి వచ్చాక ఊర్లు, సంవత్సరాలు వరసగా చదవకు. భోజనాల ముందు సెషన్ అయితే మరీను! కలిసినందువల్ల ఏం జరిగిందో చెప్పు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా నర్సులు కలిశారు. ఆ కలయికలోంచే అమెరికాలో నర్సింగ్ స్కూళ్ల సూపరింటెండెంట్ల సంఘం పుట్టింది. 1899లో లండన్‌లో అంతర్జాతీయ నర్సుల మండలికి పునాది పడింది. అక్కడా ముందున్నది ఫెన్విక్కే.

ఒక అధ్యాయాన్ని మాత్రం దాటేయకు. 1908లో మార్తా మినెర్వా ఫ్రాంక్లిన్ చొరవతో నల్లజాతి నర్సులు న్యూయార్క్‌లో సమావేశమై వేరే సంఘం పెట్టుకున్నారు. వేరుపడాలనే సరదాతో కాదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నర్సుల సంఘాలు చాలాకాలం వాళ్లని చేర్చుకోలేదు. రాష్ట్ర సంఘంలో చోటు లేకపోతే జాతీయ సంఘంలోకీ దారి దొరికేది కాదు. ఆ తలుపు తెరుచుకున్నాకే, 1951లో తమ సంఘాన్ని అందులో కలిపేశారు. వినడానికి ఇబ్బందిపడే సీనియర్లు ఉంటారు, ఉండనీ.

మీ సంఘం సంగతి చెప్పాలంటే పాత మినిట్స్ పుస్తకాలు తీయించు. కానీ వాటినే నమ్ముకోకు. మినిట్స్‌లో అందరూ ఏకగ్రీవమే! అసలు గొడవలు ఉత్తరాల్లో ఉంటాయి, రిటైరైనవాళ్ల నోళ్లలో ఉంటాయి. ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగాకే రాసుకో.

స్లైడ్లు తక్కువ పెట్టు. వ్రాతప్రతి పూర్తికాగానే నాకు పంపు, తేదీలు సరిచూసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్ద సిస్టర్