60 లీటర్ల రీఫ్ ట్యాంకులో పాచి తినడానికి ఏ జీవులను వేయాలి?

మీ ప్రశ్నలో ఉన్నది ఇది: ఒంగోలులో ఇల్లు, 60 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, రెండు క్లౌన్ చేపలు, కొన్ని మెత్తటి పగడాలు. నాలుగో నెల నడుస్తోంది. అద్దం మీద గోధుమరంగు పొర, రాళ్ళ మీద వెంట్రుకల్లాంటి పచ్చటి పాచి. దుకాణదారు పది సన్యాసి పీతలు (ఖాళీ గుల్లల్లో దూరి బతికేవి), ఒక ఇసుక నక్షత్రం (ఇసుకను జల్లించే నక్షత్ర చేప), ఒక సముద్ర దోసకాయ కలిపి తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. అవి కాకపోతే కొత్తపట్నం తీరం నుంచి నత్తలూ పీతలూ తెచ్చుకోవచ్చా అన్నారు.

రెండూ వద్దండీ. నెల్లూరులో నా ట్యాంకు మీదానికంటే కొంచెమే పెద్దది. అందులో పని చేస్తున్నవన్నీ నత్తలే.

దుకాణదారు చెప్పినవాటిలో ఇసుక నక్షత్రం పాచిని ముట్టదు. ఇసుకలో ఉండే సూక్ష్మజీవులను తిని బతుకుతుంది. మీ ట్యాంకులో ఉన్న కాస్త ఇసుకను ఖాళీ చేశాక ఆకలితో మెల్లగా చచ్చిపోతుంది. సముద్ర దోసకాయ బెదిరినా, పంపులో చిక్కుకున్నా విషం వదలవచ్చు. ఇంత తక్కువ నీటిలో చేపలు తట్టుకోలేవు. పైగా 2001లో సముద్ర దోసకాయలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన తీరంలో పట్టినవాటిని అమ్మడమూ నేరమే, కొనడమూ నేరమే. పగడాల్లో రాతి పగడాలదీ అదే పరిస్థితి కాబట్టి అవి కొనేటప్పుడు కాగితాలు అడగండి.

సన్యాసి పీతల మీద నాకు పెద్ద కోపం లేదు. మిగిలిపోయిన మేత బాగానే ఏరుకు తింటాయి. కానీ ఒళ్ళు పెరిగే కొద్దీ పెద్ద గుల్ల కావాలి, దానికోసం బతికున్న నత్తను చంపడానికీ వెనకాడవు. ఖాళీ గుల్లలు ఎన్ని వేసినా నత్త మీదున్నదే వాటికి నచ్చే సందర్భాలు ఉంటాయి. పది పీతలు అంటే మీ నత్తల మీద ఆశ వదులుకోవడమే. అంతగా కావాలనుకుంటే ఒకటి రెండు చిన్నవి చాలు, అవీ ఆఖర్న.

నేనైతే మూడు ట్రోకస్ నత్తలతో మొదలుపెడతాను. అద్దాన్నీ రాళ్ళనూ గీకి తినడంలో వీటికి సాటి లేదు. ఇసుకలో తలకిందులుగా పడినా తమంతట తామే తిరగబడతాయి. చూడటానికి ఇలాగే ఉండే ఆస్ట్రేయా నత్తకు ఆ నేర్పు తక్కువ, పడిన చోటే ప్రాణం పోతుంది. వీటికి తోడు నాలుగైదు సెరిత్ నత్తలు. సన్నటి పొడుగు గుల్లతో రాత్రిపూట ఇసుకలోనూ రాళ్ళ సందుల్లోనూ తిరుగుతాయి. ఇక నసేరియస్ పాచి తినదు. ఇసుకలో దాక్కుని మేత వాసన తగలగానే తొండం పైకెత్తుకుంటూ లేస్తుంది. మిగిలిన మేతకు రెండు చాలు. అన్నీ ఒకేసారి వేయకండి, సగం వేసి నెల ఆగి పాచి ఎంత మిగిలిందో చూడండి. పెద్ద టర్బో నత్తలు బాగా తింటాయి గానీ, అతికించని పగడాలను దొర్లించేస్తాయి.

గోధుమ పొర కొత్త ట్యాంకుల్లో మామూలే, చాలావరకు దానంతటదే తగ్గుతుంది. వెంట్రుకల పాచి మాత్రం పొడుగు పెరిగాక నత్తలు ముట్టవు. ముందు మీరే చేత్తో పీకేయాలి, తర్వాత వచ్చే లేత మొలకలను అవి చూసుకుంటాయి. ఎర్రటి జిగురు పొర కనిపిస్తే దాన్ని నమ్మకంగా తినే జీవి ఏదీ లేదు. నత్త తిన్నది మళ్ళీ ఆ నీళ్ళలోకే విసర్జిస్తుందని గుర్తుంచుకుని చేపలకు మేత తగ్గించండి, నీళ్ళు మార్చండి.

తీరం సంగతి. మన జిల్లాల్లో రొయ్యల చెరువుల చుట్టూ పీతలు రాకుండా వల ఎందుకు కడతారో మీకు తెలిసే ఉంటుంది. తెల్లమచ్చ వైరస్ పీతల ద్వారా కూడా వస్తుంది. 1994-95లో ఆ వ్యాధి తూర్పు తీరంలో చెరువులను ఎలా ఊడ్చిందో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. కాలవ నుంచో అలల నుంచో పట్టిన పీత ట్యాంకులోని రొయ్యకు అదే తేవచ్చు. అది ఎంత పెద్దదవుతుందో, ఏం తింటుందో కూడా మీకు తెలియదు.

మనకున్న సదుపాయం రొయ్యల చెరువులకు సామాన్లు అమ్మే ఆక్వా దుకాణాలు. సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చూసే రిఫ్రాక్టోమీటర్ అక్కడే దొరుకుతుంది, 35 పీపీటీ (వెయ్యి పాళ్ళకు 35) దగ్గర ఉంచండి. కానీ పాచి మందులు మాత్రం తేకండి. చెరువుల్లో పాచికి వాడే మైలుతుత్తంలో ఉన్నది రాగి, అది నత్తలనూ రొయ్యలనూ చంపుతుంది. చేపల జబ్బులకు అమ్మే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది, సీసా మీద చదివి చూడండి. హేచరీ నుంచి సముద్రపు నీళ్ళు తెచ్చుకుంటే క్లోరిన్ పూర్తిగా పోయిందో లేదో పరీక్షించాకే వాడండి.

అక్వేరియం దుకాణాల్లో చేపల తొట్టెల ఉప్పు తరచుగా తక్కువగా ఉంటుంది. అక్కడి నత్తను నేరుగా మీ నీళ్ళలో వేస్తే తట్టుకోలేదు. సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా మీ నీళ్ళు కలుపుతూ గంటకు పైగా అలవాటు చేయండి. రోహిణి కార్తెలో నీళ్ళు ఆవిరై ఉప్పు పెరుగుతుంది, రోజూ ఆర్వో నీళ్ళతో గీత దాకా నింపండి, ఉప్పునీళ్ళతో కాదు. రెండు రోజులు కదలని నత్తను తీసి వాసన చూడండి, కుళ్ళు వాసన వస్తే వెంటనే పారేయండి.

రొయ్య కావాలంటే స్కంక్ క్లీనర్ ఒకటి వేసుకోవచ్చు. పాచి తినదు, మిగిలిన మేత తింటుంది. ఒక ఉదయం ట్యాంకు అడుగున తెల్లటి ఖాళీ రొయ్య కనిపిస్తే దుకాణదారుతో గొడవకు దిగకండి. అది వదిలిన కుబుసం. అసలు రొయ్య ఒళ్ళు గట్టిపడేదాకా రాళ్ళ వెనక దాక్కుంటుంది.